గ్రౌండు పక్కన మైకు: మీరు అడిగినారు, నేను చెప్తాండా

పోయిన నెల ఇదే పేజీలో స్పోర్ట్స్ టీవీలో పద్నాలుగేండ్లు నేనేం చేసినానో కొంచెం రాసి, డౌట్లుంటే అడగండి అని చివర్లో ఊరికే ఒక లైను పెట్టినా. అంతే, కర్నూలు, కడప, మా అనంతపురం, మూడు దిక్కుల నుంచీ జాబులూ వాట్సాప్ వాయిస్‌లూ కుప్పలు పడినాయి. అందులో సగం "అక్కా, కోహ్లీ దగ్గర్నుంచి ఎట్లుంటాడు" అనేవి, అవి పక్కన పెట్టేసినా. మిగిలినవాటిలో ఒకే మాట పదిమంది అడిగుంటే కలిపేసినా. పేర్లు వేయొద్దని శానామంది అన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, ఊర్లే వేసినా.

ప్రశ్న: అక్కా, నేను బీకామ్ ఫైనలియర్. మా జిల్లా పిల్ల శ్రీచరణి వాళ్ళు వరల్డ్ కప్పు ఎత్తిన రాత్రి మా వీధంతా టపాకాయలు. నాకు బ్యాటు పట్టుకోవడం రాదు గానీ మ్యాచ్ చూస్తా నోరు మూసుకోవడం కూడా రాదు. స్పోర్ట్స్ యాంకర్ కావాలంటే ఏం కోర్సు చేయాల? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మూడు నెలలకు 80 వేలు అడుగుతాండారు, గ్యారంటీ ప్లేస్‌మెంట్ అంట.
– ప్రొద్దుటూరు

ముందు ఆ 80 వేలు దాచుకోమ్మా. గ్యారంటీ అన్నోళ్ళను ఏ చానల్లో, ఏ పనికి, ఎంత జీతానికి అని కాగితం మీద రాసిమ్మని అడుగు, ఆడనే మాట మారిపోతాది. ఈ లైన్లో గ్యారంటీ నాకే లేదు, సీజన్ వచ్చిందంటే ఫోన్ వస్తాదా రాదా అని ఇప్పటికీ చూసుకునే బతుకే.

ఇంకోటి, యాంకర్ యాంకర్ అంటాం గానీ మైకు పట్టుకునేవాళ్ళే మూడు రకాలుంటారు. మ్యాచ్‌కు ముందూ, మధ్యలో, అయిపోయినాక స్టూడియోలో కూర్చొని గెస్టుల చేత మాట్లాడించేది ప్రెజెంటర్. బంతి బంతికీ ఏం జరుగుతాందో చెప్పేది లీడ్ కామెంటేటర్. ఆ షాట్ ఎందుకు తప్పింది, ఆ బంతి ఎందుకు తిరిగింది అని విడమర్చేది ఎక్స్‌పర్ట్, ఆ సీటు వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ మాదిరి ఆడి దిగినోళ్ళది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మొదటి రెండూ నీకు అందేవే. కానీ ఎవరూ అడగని కుర్చీలు ఇంకా శానా ఉన్నాయి. గ్రౌండు బయట నిలబడుండే ఓబీ వ్యాన్లో, అంటే మ్యాచ్‌ను ఆడనుంచే టీవీకి పంపే బండిలో, రీప్లేలు కోసేవాళ్ళు, స్కోరు గ్రాఫిక్ మార్చేవాళ్ళు, ప్రెజెంటర్‌కు వేళ్ళతో అయిదు నాలుగు మూడు అని చూపించే ఫ్లోర్ మేనేజర్, కామెంటేటర్ పక్కన కూర్చొని "ఇతనికి ఈ గ్రౌండులో ఇది మొదటి ఫిఫ్టీ" అని చీటీ రాసిచ్చే స్టాటిస్టిషియన్. నేను నాలుగేండ్లు ఆ చీటీలు రాసినా. రాసి రాసి, వీళ్ళు చదివేది నా చీటీలే కదా, నేనే చదువుతానని అడిగినా. ఒకసారి కాదు, రెండేండ్లు అడిగినా.

2018 డిసెంబర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు మొదలయ్యేదాకా మనోళ్ళకు రోజూ తెలుగులో ఆట చెప్పే స్పోర్ట్స్ చానలే లేదు, ఇంగ్లీషూ హిందీనే గతి. ఇప్పుడు వింధ్య విశాఖ స్క్రీన్ మీదికొస్తే మా పెద్దమ్మ కూడా గుర్తుపడతాది. 2023 ఐపీఎల్‌ను జియోసినిమా 12 భాషల్లో ఇచ్చింది, భోజ్‌పురితో సహా. అంటే కుర్చీలు పెరిగినాయి. అయితే ఒకటి తెలుసుకో, తెలుగు కామెంటరీ చెప్పేవాళ్ళు ఎక్కువసార్లు గ్రౌండులో ఉండరు, యాడో స్టూడియోలో టీవీ ముందర కూర్చొని నువ్వు చూసే బొమ్మే చూస్తా చెప్తారు. నువ్విప్పుడు ప్రొద్దుటూరులో సోఫాలో కూర్చొని చేసే పనే, కాకపోతే నీకు ఏసీ లేదు, జీతం లేదు.

కాబట్టి కోర్సు సంగతి తర్వాత. డిగ్రీ అయినాక కావాలంటే యోగి వేమనలో జర్నలిజం ఉంది, ఉస్మానియాలో ఉంది, ఫీజు ఆ 80 వేల మాదిరి ఉండదు. ఈలోపల ఒక పని చెయ్యి. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో జరిగిన ఫైనల్ హైలైట్స్ పెట్టుకో, అదే సౌతాఫ్రికాను 52 రన్స్‌తో కొట్టింది. శ్రీచరణి ఆనెకె బాష్‌ను ఎల్బీ చేసిన బంతి ఉంటాది, ఆడికి వచ్చినాక సౌండ్ మ్యూట్ చేసి నువ్వు చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకో. మొదటిసారి ఏం చెప్తావో నాకు తెలుసు, "అద్భుతం! సూపర్ బాల్! శ్రీచరణి!" అంటావు. వంటింట్లో ఉన్న మీ అమ్మకు దాంట్లో ఏమర్థమైంది? ఏమీ లేదు, ఎవరో అరిచినారని అర్థమైంది. రెండోసారి చెప్పు. చెయ్యి ఏ పక్కనుంచి వచ్చింది, బంతి యాడ పడింది, తిరిగిందా నేరుగా పోయిందా, ముందు ప్యాడ్‌కు తగిలిందా బ్యాట్‌కా, అంపైర్ వేలు లేచిందా, బ్యాటర్ ఎవరి మొహం చూసింది. ఇదంతా ఆరేడు సెకన్లలో అయిపోవాల. ఒకే బంతిని ఇరవైసార్లు చెప్పు, ఇరవయ్యోసారికి నీకే నచ్చుతాది, అది నాకు పంపు.

అది వచ్చినాక ఇంకో మెట్టు. చెల్లెలుంటే చెవి పక్కన కూర్చోబెట్టుకొని పదమూడో ఎక్కం గట్టిగా చదవమను, నువ్వు ఆపకుండా మ్యాచ్ చెప్పు. ఎందుకంటే టీవీలో మాట్లాడేటప్పుడు చెవిలో టాక్‌బ్యాక్ నడుస్తానే ఉంటాది. డైరెక్టర్ "రీప్లే వస్తాంది, కాదు కాదు డగౌట్ షాట్, పదిలో బ్రేక్, తొమ్మిది, ఎనిమిది" అంటానే ఉంటాడు, నువ్వు ఆ ఎనిమిది సెకన్లకు సరిపడా మాట్లాడి, నవ్వి, ఆపాల. మా బ్యాచ్‌లో మంచి గొంతున్న పిల్లలు ఇద్దరు దీని దగ్గరే వెనక్కి పోయినారు. ఒకామె అయితే చెవిలో డైరెక్టర్ అడిగినదానికి లైవ్‌లోనే "ఆ సార్, సరే సార్" అనేసింది, పాపం.

ప్రశ్న: నేను "శానా", "యాడికి", "ఏందిరా సామీ" అని మాట్లాడతా. కాలేజీలో యాంకరింగ్ చేస్తే ఎనకనుంచి నవ్వుతారు. టీవీలోకి పోవాలంటే మన యాస మొత్తం మార్చుకోవాల్నా?
– అనంతపురం, తపోవనం

నవ్వేవాళ్ళ ఇండ్లల్లో ఏం మాట్లాడతారంట? సరే, అది వదిలెయ్.

నేను కామెంటరీ నేర్చుకుంది టీవీలో కాదు, తిరణాల్లో. బండలాగుడు పోటీలు చూసుంటావు కదా. మా నాయన భుజాల మీద కూర్చొని చూసేదాన్ని. ఆ మైకు పట్టుకున్నాయన్ను ఒకసారి చెవి పెట్టి విను, ఆయన పని ఎంత కష్టమో తెలుస్తాది. ముందు జత వచ్చింది, ఎవరి ఎద్దులు, ఏ ఊరు, ఏ మండలం, ఎద్దుల వయసు చెప్పే పండ్ల లెక్కలో పాలపండ్లదా, రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, లేకుంటే న్యూ కేటగిరీనా, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేస్తాడు. జత కదిలినాక గొంతు మారుతాది. "రెండో రౌండు తిరగబడె... మొదటి స్థానంలో కొనసాగుతున్న జత కన్నా అయిదు సెకన్లు ముందంజ... నాలుగో రౌండు... రెండు సెకన్లు వెనుకంజ... ఇంకా మూడు నిమిషాలుంది నాయనా, తోలు తోలు!" ఎంత దూరం పోయింది, ఎంత టైమ్ మిగిలింది, ముందున్నోళ్ళతో లెక్కేస్తే యాడ ఉన్నాము, ఈ మూడు ముక్కలే మళ్ళీ మళ్ళీ. టీవీలో రన్ ఛేజ్ అప్పుడు కింద గ్రాఫిక్ వేసి చూపించేది ఇదే కదా. ఆయన కంప్యూటర్ లేకుండా, ఎండలో, దుమ్ములో, చేతిలో ఒక స్టాప్‌వాచ్‌తో చెప్తాడు. ఎప్పుడు గొంతు పెంచాల, ఎప్పుడు ఆపి జనాల కేకలు వినిపించనియ్యాల అనేది ఆయనకు తెలిసినంత బాగా తెలిసినోళ్ళను స్టూడియోల్లో కూడా నేను ఎక్కువమందిని చూడలేదు.

కాబట్టి యాస పోవాల్సిన పనిలేదు. కాకపోతే తెలుగు ఫీడ్ వినేవాళ్ళు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉంటారు, వాళ్ళకు తెలియని మాట వాడితే వాళ్ళు ఆడనే ఆగిపోతారు, ఈలోపల తర్వాత బంతి పడిపోతాది. "బుడ్డలు" అంటే మనకు శెనక్కాయలు, వాళ్ళకు ఇంకేందో. అట్లాంటివి పక్కన పెట్టు. లయ, విరుపు, ఎకసెక్కం మాత్రం మనదే ఉండనీ. శ, స, ళ, ల, ఇవి నాలుక మీద సరిగ్గా పడేటట్టు రోజూ పేపర్ గట్టిగా చదువు, అది యాస మార్చుకోవడం కాదు, నోరు కడుక్కోవడం.

నాకు నచ్చనిది దీనికి ఎదురుది. తెలుగు అంటే బరువుగా ఉండాలని కొందరు సిక్స్ కొట్టినా "చిరస్మరణీయమైన ఘట్టం ఆవిష్కృతమైంది" అంటారు. ఆ వాక్యం అయిపోయేసరికి బంతి తెచ్చి మళ్ళీ వేసేసింటారు. స్లిప్, గల్లీ, యార్కర్, సిల్లీ పాయింట్, వీటిని తెలుగు చేయొద్దు, ఊర్లో పిల్లోళ్ళు అట్లే అంటారు. కానీ "లేపినాడు", "పైకి లేచింది, కింద మనిషున్నాడు", "సందులోంచి జారిపోయింది", ఇట్లాంటివి మన నోట్లోనే ఉన్నాయి. ఆటగాళ్ళ పేర్లు మాత్రం ఎవరి భాషలో ఎట్లా పలుకుతారో ముందురోజే కనుక్కొని రాసుకో. పేరు తప్పు పలికితే వాళ్ళమ్మ వింటాంటాదని నాకు మొదట్లో ఒక పెద్దాయన చెప్పినాడు, అది మర్చిపోలేదు.

ప్రశ్న: నేను ముప్పై ఏండ్లు పీఈటీగా చేసి రిటైరైనాను. ఏమనుకోవద్దు, గ్రౌండులో అడుగుపెట్టని ఆడపిల్లలు మేకప్ వేసుకొని ఆట గురించి చెప్తే మాకు కష్టంగా ఉంటుంది. ఆడినవాళ్ళకే మైకు ఇవ్వాలి కదా?
– నంద్యాల

అనుకోను సార్. ముప్పై ఏండ్లు పిల్లల్ని గ్రౌండులో పరిగెత్తించినారు, మీకు అడిగే హక్కుంది. కానీ హర్షా భోగ్లే ఇండియాకు ఆడలేదు కదా సార్. మన హైదరాబాద్ ఆకాశవాణిలో పందొమ్మిదేండ్లప్పుడు మొదలుపెట్టినాడు, కెమికల్ ఇంజినీరింగ్ చదివినాడు, ఆయన్ను ఎన్ని టెస్టులు ఆడినావని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న చీరకట్టుకున్న వాళ్ళకే ఎందుకు వస్తాందో ఒకసారి చూడండి.

మేకప్ సంగతంటారా, అది నిజమే, దాంట్లో మీ తప్పూ లేదు ఆ పిల్లల తప్పూ లేదు. 2003 వరల్డ్ కప్పుకు సెట్ మ్యాక్స్ వాళ్ళు మందిరా బేడీని కూర్చోబెట్టినప్పుడు ఆమె అడిగిన ప్రశ్నల కన్నా కట్టిన చీరల మీద ఎక్కువ రాసినారు. ఆ ప్రశ్నలు మీబోటి వాళ్ళకు చిన్నపిల్ల ప్రశ్నల మాదిరి ఉండొచ్చు గానీ మా ఇంట్లో అప్పటిదాకా క్రికెట్ వస్తే లేచిపోయే మా అమ్మ ఆ కప్పంతా కూర్చొని చూసింది. తర్వాత 2015 ఐపీఎల్లో అంజుమ్ చోప్రా, ఇసా గుహ, లీసా స్థలేకర్, మెల్ జోన్స్ నలుగురూ కామెంటరీ బాక్స్‌లోకొచ్చినారు, నలుగురూ తమ దేశాలకు ఆడినోళ్ళే. మరి అప్పుడన్నా మాటలు ఆగినాయా? ఆగలేదు సార్, "గొంతు కీచుగా ఉంది" అన్నారు. ఇంగ్లండులో 2007లో జాకీ ఓట్లీ అనే ఆమె బీబీసీ మ్యాచ్ ఆఫ్ ది డేలో ఫుల్‌హామ్, బ్లాక్‌బర్న్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కామెంటరీ చెప్పబోతాందంటే, ఆమె నోరు తెరవకముందే పేపర్లలో రచ్చ.

ఇంకా వెనక్కి పోతే మనింటి కథే ఉంది. 1932లో ఇండియా మొదటి టెస్టుకు కెప్టెన్ సీకే నాయుడు, తెలుగు కుటుంబమే, ఆయన కూతురు చంద్రా నాయుడు ఇండోర్లో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. 1970ల్లోనే ఇండోర్లో బాంబే టీముకూ ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ టీముకూ జరిగిన మ్యాచ్‌కు కామెంటరీ చెప్పినారు, మన దేశంలో మొదటి మహిళా క్రికెట్ కామెంటేటర్ ఆమే. 2021లో 88 ఏండ్లకు పోయినారు. ఆమె పేరు మన స్పోర్ట్స్ మీటింగుల్లో ఒక్కసారైనా విన్నారా సార్?

మీరొక పని చేయగలరు. మీ ఊర్లో స్కూల్ గేమ్స్ జరిగినప్పుడు ఒక ఆడపిల్ల చేతికి మైకు ఇప్పించి, తప్పు చెప్పినచోట మీరు దిద్దండి. మీ అంత బాగా ఖోఖో రూల్స్ తెలిసినోళ్ళు టీవీల్లో లేరు.

ప్రశ్న: మేడమ్, మా పాప ఇంటర్ సెకండియర్. ఆదివారాలు గ్రౌండులో టోర్నమెంట్లకు పోయి యూట్యూబ్ లైవ్‌లో కామెంటరీ చెప్తాంది. మ్యాచ్‌కు మూడొందలు ఇస్తారంట. అంతా మొగపిల్లోళ్ళే. కింద కామెంట్లలో ఏందేందో రాస్తారు. మా ఆడబిడ్డ "ఇదేం పని" అంటాది. మాన్పించాలని ఉంది, పిల్ల ఏడుస్తాంది.
– ఆదోని

అక్కా, మాన్పించొద్దు. కానీ ఊరికే పంపించనూ వద్దు. ఆడబిడ్డ మాటలు నేను చూసుకోలేను, గ్రౌండు సంగతి చెప్తా.

మొదటిది, బాత్రూమ్. నవ్వొద్దు. నేను మొదట్లో ఒక టౌన్లో టోర్నమెంట్‌కు పోయినా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు, ఆడోళ్ళకు పోయేదానికి చోటే లేదు. కామెంటరీ చెప్పేవాళ్ళకు గొంతు ఆరకుండా గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగతా ఉండాల, నేనేమో నీళ్ళు తాగితే యాడికి పోవాలని నాలుక తడుపుకుంటా రోజంతా అరిచినా. మూడోరోజు జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, ఫైనల్ వేరేవాళ్ళు చెప్పినారు. నన్ను మైకు దగ్గర ఎవరూ ఆపలేదక్కా, నన్ను ఆపింది అది. కాబట్టి ఒప్పుకునే ముందే ఆర్గనైజర్‌ను మొహమాటం లేకుండా అడగమనండి, గ్రౌండులో లేకుంటే పక్కింట్లో ఏర్పాటు చేయమనండి. చేస్తారు, అడిగినోళ్ళకు చేస్తారు.

రెండోది, ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి మ్యాచ్‌లైతే ఎవరు తెచ్చి దింపుతారో ముందే మాట్లాడుకోవాల. ఇంట్లో నుంచి ఎవరో ఒకరు ఒకసారి పోయి అందరికీ కనపడి రండి, మీరే పోండి, కుర్చీ వేయించుకొని ఒక ఇన్నింగ్స్ చూడండి. వాళ్ళ నడవడి మారిపోతాది.

మూడోది కామెంట్లు. లైవ్ నడిచేటప్పుడు పాప ఫోన్లో అవి కనపడకుండా పెట్టమనండి, ఆ పని చానల్ నడిపే పిల్లోడిది, బూతులు రాసినోళ్ళను బ్లాక్ చేసేది కూడా వానిదే. పాప చూడాల్సింది గ్రౌండు. ఆట గురించి ఎవరన్నా తప్పు పట్టుంటే అది మటుకు ఇంటికొచ్చినాక చదవమనండి, నేను ఫీల్డ్ పొజిషన్లు సగం అట్లా తిట్లు తినే నేర్చుకున్నా.

ఆ మూడొందలు తక్కువేం కాదు, మొదట్లో నాకు రెండు ప్లేట్లు ఉగ్గాని బజ్జీనే ఇచ్చినారు. కానీ డబ్బుల కన్నా అక్కడ పాప స్కోరింగ్ కూడా నేర్చుకోవాల. క్రిక్‌హీరోస్ యాప్‌లో నొక్కేది కాదు, పుస్తకంలో చేత్తో రాసేది. స్కోరర్లకు క్రికెట్ బోర్డు తరఫున పరీక్షలుంటాయి, పాసైతే జిల్లా మ్యాచ్‌లకు, స్టేట్ మ్యాచ్‌లకు పిలుస్తారు. కడప రాజారెడ్డి స్టేడియంలో రంజీలు జరుగుతాయి, మా అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో 2024 సెప్టెంబర్లో దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌ల్లో అయిదు ఇక్కడే ఆడినారు, ఇషాన్ కిషన్, సంజూ శాంసన్ ఇద్దరూ ఇక్కడే సెంచరీలు కొట్టినారు. అప్పుడు అందరూ ఆటగాళ్ళ బస్సు చుట్టూ మూగినారు, నేను మా మేనకోడలిని తీసుకపోయి కెమెరాలు యాడెక్కడ పెట్టినారో, కేబుల్ ఏ పక్కనుంచి పోతాందో చూపించినా, అది "అత్తా, శాంసన్ యాడ" అని నా ప్రాణం తీసింది. మళ్ళీ అట్లాంటి మ్యాచ్ వస్తే పాపను పంపండి, శాంసన్‌ను కూడా చూసుకోమనండి.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నా, డబ్బులొస్తాయా?
– ఎమ్మిగనూరు

సూటిగానే చెప్తా, వచ్చినప్పుడు వస్తాయి. ఎక్కువమంది ఫ్రీలాన్సే, రోజుకింత అని లెక్క. ఐపీఎల్ రెండు నెలలు ఊపిరాడదు, జూన్ వచ్చేసరికి ఫోన్ మోగదు. ప్రో కబడ్డీ వస్తే మళ్ళీ కొంచెం కదలిక. అందుకే రెండో పని ఒకటి చేతిలో ఉండాల. నేను ఖాళీ నెలల్లో యాడ్లకు వాయిస్ ఓవర్ చెప్పినా, ఎరువుల కంపెనీ యాడ్ ఒకటి ఇప్పటికీ మా సైడు ఆటోల్లో తిరుగుతాంటాది, ఆ గొంతు నాదే. ఆకాశవాణి స్టేషన్లలో క్యాజువల్ అనౌన్సర్లను రాతపరీక్ష, వాయిస్ టెస్ట్ పెట్టి తీసుకుంటారు, కడపలో స్టేషన్ ఉంది, కర్నూలు, అనంతపురంలో ఎఫ్ఎం ఉంది, నోటిఫికేషన్లు చూస్తా ఉండండి. డబ్బులు తక్కువే గానీ గొంతుకు అంతకన్నా మంచి బడి లేదు. పేమెంట్ ఎప్పుడిస్తారో మ్యాచ్‌కు ముందే మెసేజ్‌లో రాయించుకోండి, నోటిమాట మీద చేసిన పనులకు నాకింకా రావాల్సిన డబ్బులున్నాయి.

ప్రశ్న: అక్కా, మాది కడప, హైదరాబాద్‌లో ఒక న్యూస్ చానల్లో స్పోర్ట్స్ డెస్కులో రెండేండ్లుగా చేస్తున్నా. ఇప్పుడు నాలుగో నెల. ఆఫీసులో చెప్పినప్పటి నుంచి నా బులెటిన్లు ఒకటొకటే వేరేవాళ్ళకు పోతున్నాయి. మానేసి డెలివరీ అయినాక మళ్ళీ వద్దామా అనుకుంటున్నా.
– పేరు, ఊరు రెండూ వేయొద్దన్నది, కానీ కడప అని తనే రాసింది

మానేయొద్దు. నువ్వు రోల్స్ మీద ఉన్నావా, కాంట్రాక్టా, ఫ్రీలాన్సా, ముందు ఆ కాగితం తీసి చూడు. ఉద్యోగివైతే, పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే చోట, డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసుంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు చట్టంలోనే ఉంది, 2017లో పెంచినారు. గర్భవతి అని తీసేయకూడదని కూడా అందులోనే ఉంది. నీ అంతట నువ్వు రిజైన్ చేస్తే అదంతా పాయె. వాళ్ళకు కావాల్సింది కూడా అదేనేమో. బులెటిన్ తీసేసిన ప్రతిసారీ "ఈరోజు నాకెందుకు వేయలేదు" అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, గొడవ వద్దు, రికార్డు ఉండాల.

నా సంగతి చెప్తా. పాప పుట్టినాక అయిదో నెలలో నేను అంతకుముందు చేసిన చోటికే పోయినా, "కొంచెం ఫ్రెష్‌గా అయినాక చూద్దాం" అన్నారు. ఫ్రెష్ అంటే బరువు తగ్గినాక అని. నేను ఫ్రీలాన్స్, అడిగేదానికి చట్టం లేదు. అప్పుడు నేను ఏడ్చుకుంటా వచ్చి మళ్ళీ చీటీలు రాసే కుర్చీలోకి పోయినా, స్టాటిస్టిషియన్ లావుగా ఉన్నా ఎవరికీ కనపడదు కదా. ఆ సీజన్ పోలేదు, అంతవరకే. కోపం మాత్రం పోలేదు.

ఇట్లాంటిదే అమెరికాలో ఒకటి జరిగింది, నేను అప్పుడప్పుడు తలుచుకుంటా. 1987 డిసెంబర్ 27న గేల్ సియరెన్స్ అనే ఆమె ఎన్ఎఫ్ఎల్లో సియాటెల్, కాన్సాస్ సిటీ మ్యాచ్‌కు ఎన్‌బీసీ చానల్లో ప్లే బై ప్లే, అంటే మన లీడ్ కామెంటరీ మాదిరిది, చెప్పింది. అది వాళ్ళ ఫుట్‌బాల్, చేత్తో పట్టుకొని పరిగెత్తేది, దాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారో నన్నడగొద్దు. అంతకుముందు ఏ ఆడమనిషీ చెప్పలేదు. టాంపాలో లోకల్ స్టేషన్లో ఆమె న్యూస్ యాంకర్. మ్యాచ్ బాగా చెప్పిందని తర్వాతి సీజన్‌కు ఇంకో ఆరు మ్యాచ్‌లు ఇస్తామన్నారు. స్టేషన్ వాళ్ళేమో అదో ఇదో తేల్చుకోమన్నారు. ఆమె న్యూసే అనుకుంది, 2015లో రిటైరయ్యేదాకా ఆ స్టేషన్లోనే ఉంది. నేను ఆమెను తప్పు పట్టను, నెలనెలా జీతం వచ్చే కుర్చీ అది. కానీ ఎన్ఎఫ్ఎల్ రెగ్యులర్ సీజన్లో ఇంకో ఆడగొంతు, బెత్ మోవిన్స్‌ది, వినపడింది మళ్ళీ 2017లో. ముప్పై ఏండ్లు. నువ్వు లేచిపోతే నీ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలుసు కదా. అందుకే సెలవు పెట్టు, కుర్చీ ఖాళీ చెయ్యొద్దు.

ప్రశ్న: లైవ్‌లో తప్పు మాట్లాడితే ఏం చేస్తారు? దగ్గొస్తే?
– గుంతకల్లు

దగ్గుకు బటన్ ఉంటాది. నిజంగానే, కామెంటరీ బాక్స్‌లో కాఫ్ బటన్ అని, నొక్కి పట్టుకుంటే మైకు ఆగిపోతాది, దగ్గుకొని వదలడమే. కొందరు దాన్ని నొక్కి బజ్జీ కూడా తింటారు.

తప్పుకు బటన్ లేదు. మొదటి ఏడాది అనంతపురంలో ఒక జిల్లా మ్యాచ్‌లో మిడిల్ స్టంప్ గాల్లోకి లేచింది, నేను "క్లీన్ బౌల్డ్! ముప్పై ఎనిమిది దగ్గర అయిపోయింది కథ!" అని మైకులో అరిచి, ఆ పిల్లోని గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, పెవిలియన్‌కు కూడా పంపించేసినా. ఆ పిల్లోడు యాడికీ పోవడం లేదు. అంపైర్ అప్పటికే చెయ్యి అడ్డంగా చాపి నిలబడినాడు, నో బాల్. స్టంప్ చూసినా గానీ అంపైర్‌ను చూడలేదు. టెంట్ కిందనుంచి ఒక పెద్దాయన "పాపా, నువ్వు దించినా వాడు దిగల్యా" అన్నాడు, మైకులో అది కూడా వినపడింది. ఏం చేయాల? "నేనే తొందరపడినా, నో బాల్" అని చెప్పి తర్వాత బంతికి పోవడమే. తప్పును కప్పిపుచ్చేదానికి తిప్పి తిప్పి మాట్లాడితే రెండు తప్పులవుతాయి. అప్పటినుంచి ఏం జరిగినా నా కన్ను ముందు అంపైర్ మీదికి పోతాది.

రేడియోలో ఇంకో తప్పుంది, స్కోరు చెప్పడం మర్చిపోవడం. అప్పుడే రేడియో పెట్టినోనికి ఎంత కొట్టినారో తెలియదు కదా. అమెరికాలో రెడ్ బార్బర్ అనే పాత బేస్‌బాల్ కామెంటేటర్ గుడ్లు ఉడకబెట్టే మూడు నిమిషాల ఇసుక గడియారం పక్కన పెట్టుకొని, ఇసుక అయిపోయినప్పుడల్లా స్కోరు చెప్పి తిప్పేవాడంట. నేను మా పాప బొమ్మల్లోంచి అట్లాంటిది ఒకటి కొట్టేసినా.

ప్రశ్న: అక్కా నేను ఎనిమిదో తరగతి. టీవీ మ్యూట్‌లో పెట్టి నేను కామెంటరీ చెప్తాంటే మా తమ్ముడు నవ్వుతా రిమోట్ గుంజుకుంటాండాడు. ఏం చేయాల?
– వేంపల్లె

వానికి ఒక నోట్‌బుక్కు, పెన్సిలు ఇచ్చి స్కోరర్ ఉద్యోగం ఇయ్యి. బంతి బంతికీ చుక్కలు పెట్టాల, వైడ్లు వేరే రాయాల, ఓవర్ అయినాక టోటల్ నీకు చెప్పాల. రిమోట్ పట్టుకునే చెయ్యి ఖాళీగా ఉండదు. టోటల్ తప్పితే మటుకు లైవ్‌లోనే వాని పేరు చెప్పు.